ఆఖరి నట్టు ఎవరి జిమ్మ?

ఉస్తాద్ గోరీ మీద మట్టి తడి ఆరకముందే ఆయన బిగించిన పంపును విప్పేశారు. మా కార్మికుల సరుకుల స్టోరు లారీకి, వెనక డీజిల్ ట్యాంకు పక్కన, ఆయన తన చేతులతో అమర్చిన కరెంటు పంపు అది. శుక్రవారం తెల్లవారుతుండగా ఆయన పోయాడు. ఆ లారీ డ్రైవరును నేను. సోమవారం డ్యూటీకి వచ్చి బండి కిందికి దూరి చూస్తే పంపు లేదు, రెండు ఖాళీ బోల్టు రంధ్రాలు ఉన్నాయి. విప్పించిన స్టోరు అధ్యక్షులవారు చెప్పిన కారణం ఒక్కటే.

"జిమ్మ తీసుకున్న మనిషే లేకపాయె. రేపు ఏమన్న అయితే ఎవల్ని అడగాలె?"

జిమ్మ అంటే పూచీ. ఈ మాటకు జవాబు చెప్పడానికే కలం పట్టాను. కానీ ముందు ఆ మనిషి ఎట్లాంటివాడో మీకు తెలియాలి.

బెల్లంపల్లిలో పాత డీజిల్ బండి ఉన్న ప్రతివాడికీ ఆయన ఉస్తాదే. రేకుల మెకానిక్ షెడ్డు, మెడలో ఎర్ర తువ్వాలు, ఎప్పుడూ సగం తాగి మరిచిపోయిన చాయ్ గ్లాసు. బండి రాగానే బానెట్ ఎత్తేవాడు కాదు. ముందు డ్రైవరును కూర్చోబెట్టేవాడు. "నువ్వు చెప్పు. అది ఏం చెప్తదో తర్వాత వింట" అనేవాడు. మధ్యలో బండి యజమాని నోరు పెడితే, "జర ఆగున్రి సాబ్, మీరు ఎనక కూసునేటోళ్లు" అని మూయించేవాడు. నేను మాట్లాడుతుంటే చివరిదాకా విన్న మొదటి పెద్దమనిషి ఆయనే.

మా లారీ మిలిటరీవాళ్లు వదిలించుకున్న బండి. దాని పెట్రోలు ఇంజను తీసేసి ఎవరో డీజిలుది ఎక్కించారు. ట్యాంకేమో వెనక చక్రాల దగ్గర కిందికి వేలాడుతుంది, ఇంజనేమో ముందు, పైన. ఇంజనుకు ఉన్న చిన్న పంపు అంత దూరం నుంచి డీజిలు గుంజుకోవాలి. చదును దారిలో ఎట్లాగో గుంజుకునేది. చెన్నూరు నుంచి బియ్యం వేసుకొని వస్తూ గుట్ట ఎక్కేచోట బండి ముక్కు పైకి లేచేది, ట్యాంకు ఇంకా కిందికి పోయేది. గొట్టంలో గాలి పట్టేది. బండి దగ్గి దగ్గి ఆగిపోయేది. నేను దిగి చేతిపంపు కొట్టి గాలి తీస్తుంటే బస్తాల మీది హమాలీలు, "పెండ్లి పల్లకి దిగింది, ఇగ లేవది" అని పైనుంచి ఎక్కిరించేవాళ్లు. నవ్వులాటే. కానీ బండి రాని రోజు స్టోరు తలుపు తెరుచుకోదు. క్వార్టర్ల ఆడవాళ్లు సంచులు పట్టుకొని ప్రైవేటు దుకాణం ముందు నిలబడి ఆ సేటు చెప్పిన ధరకే కొనాలి.

ఇంకో పంపు, కరెంటుతో నడిచేది పెడితే గుట్ట ఎక్కుతుందని ఉస్తాద్ అన్నాడు. అధ్యక్షులవారు వెంటనే కరీంనగర్‌లో తనకు తెలిసిన దుకాణానికి కబురు పంపారు. కరెంటు పంపు ఒకటి కావాలె అని. తిరుగు కబురు వచ్చింది.

"బావి ఎంత లోతు?"

పల్లెల్లో బావులకు మోటార్లు బిగిస్తున్న రోజులు. కరెంటు పంపంటే ఆ దుకాణదారుకు అదే. బస్తీ అంతా పడీపడీ నవ్వింది. షెడ్డు ముందు నుంచి పోయిన ప్రతివాడూ, "ఏమ్రా, లారీ కింద బావి తవ్విన్రట గద, నీళ్లు పడ్డయా?" అని నన్ను అడిగాడు. ఉస్తాద్ మాత్రం నవ్వలేదు.

"అరే, గా దుకాణపాయన తెలివున్నోడు. సరైన సవాలే అడిగిండు. బావి ఎంత లోతు? మన ట్యాంకు ఎంత కింద ఉన్నది, ఇంజను ఎంత మీద ఉన్నది? గది చూడకుండ పంపు కొంటే పైసలు మోరిల ఏసినట్టే."

అప్పటినుంచి పంపు ఎంచడం ఆయనకు ఒక పట్టు అయింది. మొదట ఎవరో పెట్రోలు కారుది తెచ్చారు. దాని లోపలి రబ్బరు తీసి, డీజిలు పోసిన గాజు గ్లాసులో వేసి గూట్లో పెట్టాడు. కొన్నాళ్లకు అది నానిన బొబ్బర్ల లెక్క ఉబ్బింది. "గిది పెట్రోలు తాగి పెరిగింది. డీజిలు దీనికి అరగది" అని పక్కన పడేశాడు. రెండోది ఏదో పెద్ద యంత్రంది, బలమైనది. నాకు అదే నచ్చింది.

"ఉస్తాద్, గిదైతే గుట్టేంది, గోదావరి గూడ దాటిస్తది."

"పసిపిల్లకు పాలు బిందెతోని తాపుతవా బేటా? గంత జోరుగ నూకితే ముందరి పంపు సీళ్లు పలుగుతయ్. ఇంజనుకు ఎంత కావాల్నో గంతే ఇయ్యాలె."

మూడోది అరచేతిలో పట్టేంత చిన్నది. మా బ్యాటరీల వోల్టుకు సరిపోయింది, దాని రబ్బరు గ్లాసులో ఎన్నాళ్లున్నా ఉబ్బలేదు. దాన్ని చేతికి అందేటట్టు ఇంజను పక్కనే బిగిద్దామన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "గుంజుడుకు దమ్ముండది బేటా, నూకుడుకే ఉంటది. ట్యాంకు పక్కనె పెట్టు. ఆడికెళ్లి నూకనియ్." మనుషుల సంగతిలో కూడా ఆయన ఇట్లాగే చేసేవాడని నాకు తర్వాత అర్థమైంది. ముందు నిలబడి ఎవర్నీ గుంజలేదు. వెనక ఉండి నూకాడు.

అట్లాగే అమర్చి స్విచ్చి వేయగానే పంపు టకటకా కొట్టుకుంది. గొట్టం నిండగానే నిదానించి ఆగింది. ఆయన బండి పక్కన గొంతుక్కూర్చొని చెవి పెట్టి విన్నాడు. "ఆకలి తీరింది. ఇంజను స్టార్టు గాకముందే గీ టకటక ఆగుతలేదంటే యాడనో గాలి దూరుతున్నట్టు. అది చెప్తది, నువ్వు విను."

అధ్యక్షులవారు దూరంగా నిలబడి అడిగారు. "నూనె ట్యాంకు పక్కకు కరెంటు పెడ్తివి. అగ్గంటుకుంటే?"

"ఇంట్ల పొయ్యి పక్కకే నూనె గిన్నె ఉంటది గద సాబ్. తీగె సక్కగ కట్టిన, నడుమ ఫ్యూజు పెట్టిన. ఫికర్ చెయ్యకున్రి. నా జిమ్మ."

ఆ మాటే ఇప్పుడు పట్టుకున్నారు. ఆయన పోయాడు కాబట్టి జిమ్మ కూడా పోయిందట. అయితే, అధ్యక్షులవారూ, ఆయన బాగుచేసిన బ్రేకులు కూడా విప్పేయరేం? ఆ బ్రేకుల మీదే కదా మొన్న మీరు ముందు సీట్లో కూర్చొని మంచిర్యాల పోయొచ్చింది?

అధ్యక్షులవారు ఆ రోజు అంతవరకే విని వెళ్లిపోయారు. తర్వాత జరిగింది ఆయన చూడలేదు. ఉస్తాద్ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. ఎంత పెద్ద పనైనా ఆఖరి నట్టు ఆయన బిగించడు. పానా తుడిచి డ్రైవరు చేతిలో పెడతాడు. "నడిపెటోడే బిగించాలె. ఇప్పటిదాంక నా జిమ్మ, ఇప్పటిసంది నీ జిమ్మ." ఆ రోజు బండి కింద వెల్లకిలా పడుకొని ఆ నట్టు బిగించింది నేను. ఆ తర్వాత మా బండి గుట్ట మీద ఒక్కసారి కూడా ఆగలేదు. కాబట్టి జిమ్మ గోరీలోకి పోలేదు. నా దగ్గర ఉంది. ఏమన్న అయితే నన్ను అడగండి.

పంపు విప్పిన వారమే బండి మళ్లీ గుట్ట దగ్గర ఆగింది. వానలో బియ్యం తడిసింది. వెనక వస్తున్న నస్పూర్ డ్రైవరు దిగి సాయం చేస్తూ ఆ ఖాళీ రంధ్రాలు చూసి, "ఈడ ఏముండె?" అని అడిగాడు. అంతా చెప్పాను. అతనిదీ ముసలి బండే, ట్యాంకు వెనకే. మొన్న అట్లాంటి పంపే వెతికి తెచ్చుకున్నాడు. ఇద్దరం కలిసి బిగించాం. ఆఖరి నట్టు దగ్గర పానా అతని చేతిలో పెట్టాను.

"పని అంత నువ్వు చేసి ఒక్క నట్టుకు నన్ను బండి కింద పండవెడ్తున్నవేందే?"

"నడిపెటోడే బిగించాలె. ఇప్పటిసంది నీ జిమ్మ" అన్నాను. ఆ మాట నా నోట రావడం అదే మొదలు. అతను నవ్వడం మానేసి బిగించాడు. స్విచ్చి వేస్తే టకటకా కొట్టుకొని, నిదానించి, ఆగింది.

ఆ పానా ఉస్తాద్‌దే. ఆయన భార్యను నేను చాచీ అంటాను. ఆమె పిలిచి ఇచ్చింది. "ఆయన సామాను ఎందరో అడుగుతున్నరు బిడ్డా. గీ పానా మాత్రం ఎవలకియ్యలే. మీ బండికి నట్టు బాకీ ఉన్నదట గద?" నలభయ్యో దినం ఆయన పేర ఫాతేహా చదివించి పదిమందికి అన్నం పెట్టాలి. ఆ బియ్యం మా లారీలోనే రావాలని ఆమె కోరిక.

అధ్యక్షులవారూ, పంపు స్టోరు గదిలో గోనెసంచి కింద ఉంది. బయట పెట్టండి. బిగించే పని మాది. ఆఖరి నట్టు మాత్రం ఈసారి నేను బిగించను. నడిపేవాడే బిగించాలన్నాడు ఉస్తాద్. బండి నడిపేది నేనైనా, స్టోరు నడిపేది మీరు. జిమ్మ ఎవరిదని అడిగారు కదా. బండి కింద గోనెపట్టా పరిచి, దాని మీద పానా తుడిచి పెట్టాను. వచ్చే శుక్రవారం నమాజు దాకా అది అక్కడే ఉంటుంది. ఆలోగా జవాబు కావాలి.