ఉప్పు పడవ వెంట రాజా

నిన్న బంగారుపాళ్యం దాటాక ఒక కుక్క మా బస్సు వెంట పరుగెత్తుకొచ్చింది. నేను కిటికీ మూసేశాను.

మా నాయన ఉప్పు వ్యాపారి. ఒక వేసవి సెలవుల్లో చిత్తూరు నుంచి నన్ను తీసుకెళ్ళి, సముద్రం పక్కనే సాగే బకింగ్‌హాం కాలువలో ఉప్పు పడవ ఎక్కించాడు. వంటా నిద్రా పడవలోనే. పొద్దుగూకితే ఏదో ఒక రేవులో ఆగేవాళ్ళం. మొదటి రేవులోనే నాయన ఒక ఎర్ర కుక్కకు సంగటి ముద్ద వేసి, రాజా అని పేరు పెట్టాడు. రాత్రంతా అది పడవ దగ్గర మొరిగేది. పగలు గట్టు మీద మా వెంటే పరుగెత్తేది. నాయనకు నాకంటే అదే ముద్దని కుళ్ళుకున్నాను.

పులికాట్ సరస్సు దగ్గర గట్టు అయిపోయింది. రాజా నీళ్ళలోకి దూకి మా వెనకే ఈదసాగింది.

"నాయనా, పడవ ఆపు! రాజా వస్తా ఉండాది!"

"నీళ్ళ నడుమకి దొంగలు యాడ నుంచి వస్తారు? ఇంగ దాంతో ఏం పనిరా?"

దాని తల చాలాసేపు కనిపించింది. తర్వాత కనిపించలేదు.

తిరుగు ప్రయాణంలో ఆ గట్టు దగ్గరే ఆగాం. నాయన సంగటి ముద్ద పట్టుకుని "రాజా!" అని కేకేశాడు. నేను ఆశగా గట్టు మీదికి దూకాను.

తోకాడించుకుంటూ ఒక నల్ల కుక్క వచ్చింది. నాయన ముద్ద దాని ముందేసి, "రా రాజా" అన్నాడు.