నా ఫోన్ నుంచి వెళ్లిన పేజీ

గోదావరిఖనిలో గని కార్మికుల క్వార్టర్ల మధ్య ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తగా చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. బాలింతలను చూడడం, టీకాలు వేయించడం, బీపీ గోలీలు ఇవ్వడం నా పని. కొంతకాలం కింద దానికి ఇంకొకటి తోడైంది. ప్రతి గురువారం మా బస్తీ దవాఖానకు ఒక మానసిక వైద్యుడు రావడం మొదలుపెట్టాడు. వచ్చినవాళ్ల పేరు, జబ్బు, మందులు రిజిస్టర్‌లో నేనే రాసేదాన్ని. రాలేనివాళ్లకు మందులు అందించేదాన్ని.

వాళ్లలో ఓపెన్‌కాస్ట్ గనిలో మట్టి, బొగ్గు మోసే పెద్ద డంపర్ లారీ నడిపే ఒకతను ఉన్నాడు. యాభై దాటినవాడు. తన కళ్లముందే తోటి ఆపరేటర్ బండి బోల్తాపడి చనిపోయినప్పటినుంచి అతనికి నిద్ర లేదు. ఎవరూ లేకున్నా వెనక నుంచి పేరు పెట్టి పిలిచినట్టు వినబడేది. డాక్టర్ అతనిచేత రెండు నెలలు సెలవు పెట్టించి, నిద్ర కుదురుకున్నాకే డ్యూటీకి పొమ్మన్నాడు. మందులు మాత్రం ఆపొద్దని గట్టిగా చెప్పాడు.

"చెల్లె, నువ్వు మా ఇంటికి మాత్రం రావద్దు" అన్నాడతను నాతో. "నా భార్యకు తప్ప ఎవ్వరికీ తెల్వది. తెలిస్తే నన్ను మనిషి లెక్క చూడరు."

అందుకని కూరగాయల మార్కెట్‌లో కలిసేవాళ్లం. అతని సంచిలో పొట్లం వేసి, రెండు టమాటలు ఏరినట్టు చేసి వచ్చేసేదాన్ని.

తర్వాత మా పైన కొత్త సూపర్‌వైజర్ వచ్చాడు.

"గోలీలు నిజంగ పంచుతున్నరో లేదో నాకెట్ల తెలుస్తది? రిజిస్టర్ పేజీ ఫోటో తీసి వాట్సాప్ గ్రూపుల పెట్టుండ్రి" అన్నాడు.

"అందుల పేర్లున్నయి సార్."

"గ్రూపుల ఉన్నది మనోళ్లే గదా."

మనసు జబ్బుకు చికిత్స తీసుకునేవాళ్ల వివరాలు వాళ్ల అనుమతి లేకుండా బయటపెట్టకూడదని చట్టం ఉందనీ, అది వాళ్ల హక్కనీ మాకు శిక్షణలో చెప్పారు. నేనది నోట్‌బుక్‌లో రాసుకుని కింద గీత కూడా గీసుకున్నాను. అయినా పంపాను. ఆ రోజు అది నాకు పెద్ద విషయంగా అనిపించలేదు.

రెండు వారాలు ఏమీ జరగలేదు. ఆ తర్వాత ఒకింట్లో పసిబిడ్డ బరువు చూస్తుంటే ఆ తల్లి గొంతు తగ్గించి అడిగింది: "అక్కా, ఆ డంపరాయన పిచ్చి గోలీలు మింగుతడట గదా?" నాకు తెలియదన్నాను. బిడ్డ బరువు ఎంతో చూసి కూడా మర్చిపోయి మళ్లీ చూశాను. ఆ గురువారం మానసిక వైద్యుడి దగ్గరికి ఇద్దరే వచ్చారు.

ఆదివారం పొద్దున అతని అల్లుడు పండ్లు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. చాలా మర్యాదగా కూర్చున్నాడు.

"మామ గురించి మాకు ఫికర్ ఉండదా అక్కా? నడిపేదేమో అంత పెద్ద బండి. కంపెనీ డాక్టర్లు అన్‌ఫిట్ రాస్తే ఇంటిపట్టున కూసుంటడు. వారసుని కింద ఆ నౌకరి నాకొస్తది. అందరికీ మంచిదే."

ఫోన్ తీసి చూపించాడు. తెరమీద నా రాత. పేజీని పట్టుకున్న బొటనవేలు కూడా నాదే.

"ఇది నిజమే అని ఒక్క సంతకం పెట్టు, చాలు."

"పెట్టను."

"సరే అక్కా. నువ్వు రోజూ ఏ లైన్ల తిరుగుతవో నాకు తెలుసు. మల్ల కలుస్త."

ఆ మాట కూడా నవ్వుతూనే అన్నాడు. మరునాటి నుంచి నేను పోయే క్వార్టర్ల లైను చివర అతని మోటార్‌సైకిల్ ఆగి ఉండేది. నేను ఒక ఇల్లు దాటగానే బండి కూడా కొంచెం ముందుకు జరిగేది.

దాచి లాభం లేదని, మార్కెట్‌లో కలిసినప్పుడు డంపరాయనకు అంతా చెప్పేశాను.

"ఫోటో ఎవరు తీసిండ్రు?" అన్నాడు.

"నేనే, అన్నా."

చేతిలోని బీరకాయను కుప్పలో పెట్టేశాడు. "నన్ను కంపెనీ మెడికల్ పరీక్షకు పిలిచిండ్రు. ఎవరో అర్జీ పెట్టిండ్రట." పొట్లం తీసుకోలేదు. "ఒంట్ల మందు కనబడొద్దు."

"ఆపొద్దు అన్నా. బాగున్నవని డాక్టర్ కాగితం రాసిస్తడు."

"మల్ల కాగితమా? ఒక్క కాగితంతోనే ఇంతదాక వచ్చింది."

నేను సూపర్‌వైజర్ పైన ఉన్న అధికారికి జరిగిందంతా రాసిచ్చాను. గ్రూపులోంచి ఫోటోలు తీసేశారు, ఇకమీదట పేర్లు పంపొద్దన్నారు. అప్పటికే అది ఎన్ని ఫోన్లలోకి పోయిందో ఎవరూ చెప్పలేకపోయారు.

కొన్నాళ్లకు అతని భార్య నన్ను వెతుక్కుంటూ దవాఖానకు వచ్చింది.

"ఫిట్ అని రాసిండ్రు" అంది. ఆమె ముఖంలో సంతోషం లేదు. "నిన్నటి నుంచి మల్ల డ్యూటీకి పోతున్నడు. పొద్దుగాల బూట్లేసుకుంట ఎవరితోనో మాట్లాడుతుండె. నాతోటి కాదు. గోలీ అంటే నన్ను గూడ నమ్ముతలేడు. ఇప్పుడు ఎవరికి చెప్పాలె?"

గని ఆఫీసుకు చెబితే అతని గుట్టు రెండోసారి నేనే బయటపెట్టినట్టు. చెప్పకపోతే ఆ బండి కింద ఎవరుంటారో తెలియదు. డాక్టర్‌కు ఫోన్ చేశాను. "రేపు పొద్దున్నే నేనే వస్తాను, అప్పటిదాకా బయటికి పోనివ్వకండి" అన్నాడు. పొద్దున ఆమె అతని బూట్లు దాచేసింది. డాక్టర్ వెళ్లేసరికి అతను ఉత్త కాళ్లతో గుమ్మంలో కూర్చుని ఉన్నాడట. చాలాసేపు మాట్లాడాక తనే సెలవు అర్జీ మీద సంతకం పెట్టాడు. గోలీలు డాక్టర్ చేతినుంచి తీసుకున్నాడు. నన్ను మాత్రం ఇంట్లోకి రానివ్వొద్దన్నాడు.

ఇప్పుడు ఎవరూ తెలియని వేరే ఊరికి బస్సులో పోయి చూపించుకుంటున్నాడు. ఆ ఊరేదో అతని భార్య నాకొక్కదానికే చెప్పింది. గురువారం గది చాలావరకు ఖాళీగా ఉంటుంది. పాతవాళ్లు దారిలో ఎదురైతే నా చేతిలోని ఫోన్ వైపు చూసి తప్పుకుంటారు.

మొన్న బస్టాండు దగ్గర అల్లుడు కనబడ్డాడు.

"బాగున్నవా అక్కా? మామ ఇప్పుడు ఏ దవాఖానకు పోతున్నడు?"

"నాకు తెల్వది."

"తెల్వకపోతే ఏమాయె" అన్నాడు నవ్వుతూ. "తెలుసుకుంట."