నాలుగు గోడల పార్టీ, ఆరు గోడల పార్టీ

మా అపార్ట్‌మెంట్లో పైఇంటివాళ్లు వంటగట్టు కోసం గ్రానైటు కోయిస్తున్నారు. వేడెక్కిన రాతిమీద నీళ్లు పడినప్పుడు లేచే ఆ తడి దుమ్ము వాసన మెట్లమీదుగా దిగివచ్చి గుమ్మంలో నిలబడగానే, చేతిలో పని వదిలేసి, జమ్మలమడుగులో మా అమ్మను కన్న జేజినాయన ఇంటి వసారాలో, మామిడి ఒరుగులు ఆరబోసిన ఈతచాప పక్కన మోకాళ్లమీద కూర్చున్న పదేళ్ల పిల్లనైపోయాను.

అవి పార్టీల కాలం. మా జేజినాయనది ఒక పార్టీ, ఎదురింటి సునంద వాళ్ల నాయనది ఇంకో పార్టీ. ఇద్దరిలో ఎవరు బజారుకు పోయినా వెనక మనుషులుండాల్సిందే. పొద్దు గూకితే రెండిళ్ల గేట్లకూ గొలుసులు పడేవి. ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోగా నేను ఎన్నడూ చూడలేదు. ఆడపిల్లల ఆటల్ని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి సునంద పొద్దున బొరుగుల ఉగ్గాని తినే వేళకే మా వసారాలో ఉండేది, మా అవ్వ దానికీ ఒక ప్లేటు నింపి, పైన పప్పుల పొడి ధారాళంగా చల్లి, "మీ నాయనకు చెప్పాకు" అనేది.

ఆ ఎండాకాలం సెలవులకు, ప్రొద్దుటూరు కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పే మా పిన్ని రేకుపెట్టె నిండా రాళ్లతో బస్సు దిగింది. తాను చదువుకునే రోజుల్లో కచ్‌లోనూ హిమాలయాల్లోనూ తిరిగి ఏరుకున్న పగడపు శిలాజాలవి.

"పగడాలంటే ఎర్రగా ఉండాల కదమ్మా, ప్రొద్దుటూరు అంగళ్లలో ఉంగరాలకు పెట్టేటివి" అంది అవ్వ.

ఆ ఎర్రవి వేరే జాతివని, ఇవి సముద్రం అడుగున చిన్న చిన్న ప్రాణులు తమ కింద, తమ చుట్టూ కట్టుకున్న రాతి గూళ్లని పిన్ని చెబితే, అవ్వ "అయితే అవి గూడా మన మాదిరి రాతి మిద్దెల్లోనే ఉన్న్యాయన్నమాట" అని తృప్తిపడింది.

రాయిని తడిపి భూతద్దం పెడితే ఒక్కో గూటిలో ఒక్కో నక్షత్రం విచ్చుకున్నట్టుండేది. అంచునుంచి మధ్యకు నడిచే సన్నని గోడలవి. ఆ గోడలు నాలుగేసి చొప్పున పెరిగినవి ఎప్పుడో అంతరించిన జాతి, ఆరేసి చొప్పున పెరిగినవాటి బంధువులు నేటికీ సముద్రాల్లో ఉన్నాయి. ఇంతే మాకు పిన్ని నేర్పిన లెక్క. శెనక్కాయలు ఒలుచుకు తింటూ, చాపకు ఈ పక్క నాలుగువి, ఆ పక్క ఆరువి పేర్చుకుంటూ ఎండ ఎప్పుడు దిగిందో తెలియకుండా గడిపేవాళ్లం.

గొడవంతా పిడికిలంత రాయి ఒకదానితో వచ్చింది. బాగా అరిగిపోయింది. నేను నాలుగు అన్నాను, సునంద ఆరు అంది. పగుళ్లను కూడా గోడల కింద లెక్కేసుకుని ఇద్దరం మొండికేశాం. మా తమ్ముడు సునంద వైపు పోయాడు, సునంద చెల్లెలు నా వైపు వచ్చింది. సాయంత్రానికి వీధి పిల్లలంతా నాలుగు పార్టీ, ఆరు పార్టీ అయి జై కొడుతున్నారు.

"పైన చూసి చెప్పలేం. కోసి లోపల చూడాల" అంది పిన్ని.

సునంద వాళ్ల గేటు దగ్గరినుంచే అరిచింది. "రేపు పొద్దున ఖాదర్ మామ మిషన్ కాడికి రాండి. ఏ పార్టీ నిలబడతాదో ఆడ్నే తేలిపోతాది."

"వస్తాం. రెండు ముక్కలు చేసేది ఖాయం" అన్నాను నేను.

రెండు గేట్ల దగ్గరి కాపలా మనుషులూ ఆ మాటలు విన్నారు. రాయి సంగతి మాత్రం వాళ్లకు తెలియదు.

మరునాడు తువ్వాలలో చుట్టిన రాయితో పిన్నీ పిల్లలమూ ఊరి చివర బండలు కోసి నున్నచేసే ఖాదర్ మామ షెడ్డుకు పోయేసరికి, ఈ పక్క మా జేజినాయనా ఆయన మనుషులూ, ఆ పక్క సునంద వాళ్ల నాయనా ఆయన మనుషులూ నిలబడి ఉన్నారు. ఖాదర్ మామ మిషన్ ఆపి, ఎటు చూడాలో తెలియక లుంగీ సర్దుకుంటున్నాడు. సునంద నా చెయ్యి పట్టుకుంది.

పిన్ని నేరుగా మధ్యకు నడిచింది. "నాయనా, మేము రాయి కోయించుకునేదానికి వచ్చినాం."

"ఎవురి మిందికి రాయి?" అన్నాడు జేజినాయన.

"ఎవురి మిందికీ కాదు. పిల్లోల్ల పందెం" అని తువ్వాల విప్పి చూపించింది.

ఖాదర్ మామ ఇంకెవరినీ అడగకుండా మిషన్ వేశాడు. బూడిదరంగు నీళ్లు చిమ్మాయి. రాయి రెండయింది. కడిగి ఇస్తే పిన్ని భూతద్దంతో చాలాసేపు చూసింది.

"ఇందులో గోడలే లేవు. తేనెపట్టు మాదిరి గూళ్లు, గూట్లో అడ్డంగా పలకలు, అంతస్తు మింద అంతస్తు. నాలుగూ కాదు, ఆరూ కాదు. ఇది మూడో జాతి."

"అంటే ఇండిపెండెంటు" అన్నాడు ఖాదర్ మామ.

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత రెండు పక్కలా నవ్వు ఆగలేదు. జేజినాయన "ఏదీ, ఈడియ్యి" అని ఒంగాడు, సునంద వాళ్ల నాయనా ఒంగాడు. ఒకే భూతద్దం మీద ఇద్దరి తలపాగాలూ తగిలాయి.

"నీ కూతురు గట్టిదప్పా" అన్నాడు జేజినాయన.

"నీ మనవరాలేమన్నా తక్కువా మామా" అన్నాడాయన.

దానితో పార్టీలేమీ ఆగలేదు. ఆ తర్వాత కూడా బస్సులు నిలిచిన రోజులు, అంగళ్లు మూసిన రోజులు చూశాం. కానీ ఆ 'మామా' అన్న మాట మా అవ్వ శానా ఏళ్లు వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంది.

ఇప్పుడు ఆ షెడ్డు లేదు, ఆ స్థలంలో పెట్రోలు బంకు ఉంది. ఆ ఇద్దరు పెద్దలూ లేరు. రెండిళ్ల వాళ్లూ ఎవరి ఊళ్లకు వాళ్లు పోయారు. సునంద పులివెందులలో బత్తాయిల చీనీతోట చూసుకుంటోంది. ఎన్నికల రోజు సాయంత్రం తప్పకుండా ఫోన్ చేస్తుంది. ఎవరికి వేశావని అది అడగదు, నేనూ అడగను. ఏం కూర చేసుకున్నామో మాట్లాడుకునేసరికే గంట దాటిపోతుంది.