పక్కన కూర్చునే పిల్లకి చెప్పమన్నారు

రాజమండ్రిలో మా చెల్లెలికి మూర్ఛ వైద్యం చేసిన డాక్టరుగారు మొన్న సోమవారం గుండెపోటుతో కన్నుమూశారు. వార్త చెల్లెలే ఫోన్ చేసి చెప్పింది.

మొదటిసారి ఆయన దగ్గరికి వెళ్ళినప్పుడు తను ఇంటర్ చదువుతోంది. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి, గోదావరి దాటి నరసాపురం కాలేజీకి వెళ్ళేది. ఒకరోజు ఇంట్లో ఫిట్ వచ్చి పడిపోయింది. అదే నది మధ్యలో వస్తే ఏంటి గతని నాన్న కాలేజీ మాన్పించేద్దామన్నారు.

ఏం జరిగిందని డాక్టరుగారు చెల్లెల్ని అడిగితే నాన్న అందుకున్నారు.

"పడిపోయింది మీరాండి?" అన్నారాయన.

"నాకేం గుర్తులేదండి," అంది చెల్లెలు.

"నాక్కావలసింది అదేనమ్మా. ఇప్పుడు చూసినవాళ్ళు చెప్పండి."

చేతిలో తాళాలగుత్తి పెట్టగానే తగ్గిందని అమ్మ చెప్పింది.

"ఫిట్ దానంతటదే తగ్గుతుందమ్మా. పేరు తాళాలకొస్తుంది."

పక్కకి తిప్పి పడుకోబెట్టమన్నారు. నోట్లో ఏమీ పెట్టొద్దన్నారు. ఐదు నిమిషాలు దాటితే ఆస్పత్రికి తెమ్మన్నారు. తర్వాత నాన్నవైపు తిరిగారు.

"మెదడులో కణాలు సన్నటి కరెంటుతో మాట్లాడుకుంటాయండి. కొన్ని కలిసి పనిచెయ్యకపోతే చెయ్యి కూడా లేవదు. కానీ పంటు మీద జనమంతా ఒక్కసారే ఒక అంచుకి వచ్చేస్తే?"

"ఒరిగిపోద్దండి."

"ఫిట్ అలాంటిదే. లెక్కకు మించి కణాలు ఒక్కసారే ఎగబడతాయి. మాత్రలు ఆ తోపులాట తగ్గిస్తాయి. ఇది మీకు అర్థమవడానికి చెప్పింది. మాకే తెలియనిది ఇంకా చాలా ఉంది."

కాలేజీ మాన్పించొద్దన్నారు, మాత్రలు మానొద్దన్నారు. పంటు మీద అంచున నిలబడకుండా మధ్యలో కూర్చోమని, పక్కన కూర్చునే పిల్లకి సంగతి చెప్పమని చెల్లెలికి చెప్పారు.

"ఊరంతా తెలిసిపోద్దండి," అంది అమ్మ.

"తెలియకపోతే పట్టుకునేదెవరమ్మా?"

అమ్మ మాత్రం అందరికీ కళ్ళు తిరిగాయనే చెప్పింది. చెల్లెలు ఒక్క స్నేహితురాలికే చెప్పుకుంది. తర్వాత పంటు మీదే ఒకసారి ఫిట్ వచ్చినప్పుడు ఆ పిల్లే పక్కకి తిప్పి, "జరగండి, మీద పడకండి!" అని జనాన్ని కసిరింది. చెల్లెలు చదువు పూర్తిచేసింది. ఇప్పుడు టీచరు.

చూపించుకోవడానికి వెళ్ళినప్పుడల్లా ఆయన మాత్రల కంటే ముందు, "ఇంకెవరికి చెప్పావు?" అని అడిగేవారు. తను తల దించుకునేది.

సోమవారం సెలవు అడిగితే, "ఎవరమ్మా, బంధువులా?" అన్నారట హెడ్‌మాస్టరుగారు. స్టాఫ్‌రూమ్ నిండా జనం.

"కాదండి. నాకు మూర్ఛ ఉంది. మా డాక్టరుగారు పోయారు."

హిందీ టీచరుగారు కుర్చీ దగ్గరికి జరుపుకుని, "నీకు వస్తే నేనేం చెయ్యాలో చెప్పు," అన్నారట. చెల్లెలు చెప్పులు విడిచి, బెంచీ మీద పక్కకి తిరిగి పడుకుని చూపించిందట.