శంకల వదిన, తడి రుమాలు

శంకల వదిన ఒకసారి గాలిని జుట్టు పట్టుకుని ఈడ్చుకొచ్చి, లాండ్రీ షెడ్డులో తాడుకు కట్టేసి, అందరి ముందూ నిజం కక్కించింది. నమ్మనివాళ్లు వెళ్లి అడగొచ్చు. అక్కడ ఇస్త్రీ బల్లలు కూడా ఆవిడ పేరు చెబితే నిటారుగా నిలబడతాయి.

ఆ పేరు ఊరికే రాలేదు. పాలు పొంగితే పొయ్యిని అనుమానిస్తుంది. మొగుడు నిద్రొస్తోందంటే కళ్లు చూపించమంటుంది. వాతావరణం మారిపోతోందని రేడియో చెప్పినప్పుడు, "వీడికెవరు చెప్పారో!" అని దాన్ని వెనక్కి తిప్పి చూసింది.

కానీ ఆ వేసవి సంగతి ఆమెకూ అంతు చిక్కలేదు. గోడ మీది థర్మామీటరు ఎప్పటి వేడినే చూపిస్తోంది. ఒళ్లు మాత్రం తడి దుప్పటి కప్పుకున్నట్టుంది. డబ్బాలో ఉప్పు నీరుగారుతోంది, గోడలకు చెమ్మ పడుతోంది, చీకటి పడ్డా ఊపిరాడదు. ఏటేటా ఈ ఉక్క ఎక్కువవుతోంది గానీ తగ్గడం లేదు.

హోటళ్ల దుప్పట్లు ఉతికే లాండ్రీ అది. వెనక షెడ్డులో ఆవిరి ప్రెస్సుల దగ్గర వదినా, ఆమె తోడికోడలూ పక్కపక్కనే పనిచేస్తారు. షెడ్డుకు పాత కట్టుబాటు ఒకటుంది. పొద్దున్నే తలుపు పక్క తాడు మీద తడి రుమాలు వేస్తారు. టీ వేళకు అది ఆరితే పని సాగుతుంది. ఆరకపోతే ఒంటి మీది చెమటా ఆరదని లెక్క. ప్రెస్సులు ఆపి అందరూ బయట నీడలో కూర్చోవాలి.

ఆ వేసవి దుప్పట్లు ఆరలేదు, జాకెట్లు ఆరలేదు. రుమాలు మాత్రం రోజూ ఆరిపోయేది!

ఒకరోజు తోడికోడలు ప్రెస్సు దగ్గర తూలింది. "అక్కా, తల పగిలిపోతోందే. కడుపులో తిప్పుతోంది."

"నిన్న గిన్నెలు తోమే వంతొచ్చినప్పుడూ ఇలాగే తిప్పింది నీకు."

"నీ అనుమానం తగలెయ్య! రుమాలు ఆరిందిగా. నాకే ఏదో రోగం పట్టింది. పనిలోంచి తీసేస్తారేమో."

కాసేపటికి ఆమె దిండు గలీబు ఎత్తి పట్టుకుని, "ఇదెవరి చొక్కా అక్కా?" అంది. వదిన నవ్వబోయి ఆగిపోయింది. నాటకమాడే మనిషి కళ్లు అలా తేలిపోవు. చెయ్యి పట్టి బయటికి లాక్కెళ్లి, తల మీద నీళ్లు కుమ్మరించింది.

"రుమాలు ఆరాక కూర్చోవడమేంటమ్మా?" అన్నాడు సూపర్‌వైజరు, ఎంతో ముద్దుగా.

ఆ ముద్దుతోనే వదిన అనుమానం తోడికోడల్ని వదిలి రుమాలు మీదికి దూకింది. దాన్ని అందుకుని నలిపింది, వాసన చూసింది. గాలికి ఆరిన గుడ్డ ముడతలు పడి బిరుసుగా ఉంటుంది. ఇది మెత్తగా ఉంది. మధ్యలో మడత గీత. పైగా ఇస్త్రీ వాసన.

ఎవరి పని? బాయిలర్ చూసుకునే ముసలి తాతా? ఆయన చెయ్యి భుజం దాటి లేవదు. మొగుడా? వాడికి రుమాలు మడతపెట్టడం రాదు. రోజూ "బాగున్నావా అమ్మా" అని అడిగేది సూపర్‌వైజరు ఒక్కడే. అంత ప్రేమ ఎందుకో!

మర్నాడు తోడికోడల్ని నీడలోంచి కదలొద్దని, రుమాలు వదినే ఆరేసింది. టీ వేళకు ముందు దుప్పట్ల గుట్ట వెనక నక్కింది. సూపర్‌వైజరు వచ్చాడు. అటూ ఇటూ చూసి రుమాలు లాగాడు. రాలేదు. బలం పెట్టి గుంజాడు. తాడు తెగి, దాని మీద ఆరేసిన తడి దుప్పట్లన్నీ నెత్తిన పడ్డాయి. వాటి కిందినుంచి ఒక చెయ్యి పైకి లేచింది. అందులో చక్కగా మడతపెట్టిన పొడి రుమాలు.

బాయిలర్ తాత వంగి చూశాడు. "ఏం బాబూ, గాలి నీ జేబులోంచి వీస్తోందా?"

"హోటళ్లవాళ్లు తొందరపెడుతున్నారు తాతా..."

"ఆ థర్మామీటరు కొన్నదీ నువ్వేనా?" అంది వదిన.

ప్రెస్సులు ఆగాయి. నీడలో తోడికోడలి మెడ మీద తడిగుడ్డ వేసింది వదిన. ఆమె దాన్ని తీసి అటూ ఇటూ తిప్పి, "ఇది నిజంగా తడిదేనా అక్కా?" అంది. ఇంటికి ఇంకో శంకల మనిషి తయారైంది.

గాలిని కట్టేసిన ఈ కథ ఎవరు చెప్పినా శంకల వదిన వాళ్లను ఎగాదిగా చూసి ఒకటే మాట అంటుంది:

"గాలినేం కట్టలేదు. రుమాలుని తాడుకి కుట్టేశాను. సూది నాది, దారం లాండ్రీది."