పచ్చి బీరు

అమెరికాలోని షెబాయ్‌గన్‌లో వెర్నా డీట్జెల్ కాచిన బీరు అదను వచ్చాక రుచి చూసినవాళ్ళు దుకాణపు బీరు ముట్టుకునేవారు కాదు. కాకపోతే, అలా తాగినవాళ్ళు బహు తక్కువ. మూతలు బిగించిన సీసాలు వెచ్చని మూల మూడు వారాలు ఉండాలి. ఆ తర్వాత చల్లని చోట ఇంకొన్నాళ్ళు కదలకుండా ఉండాలి. అప్పటిదాకా సీసాలో వేసిన చిటికెడు చక్కెర పులియదు, నురగ పట్టదు, పచ్చివాసన పోదు. ఆమె మొగుడు రోలండ్‌కు అంత ఓపికెక్కడిది? వారం తిరక్కుండానే నాలుగు సీసాలు చంకన పెట్టుకుని, క్లబ్బులో తనతో బౌలింగ్ ఆడే మిత్రుల దగ్గరికి పోయేవాడు. వాళ్ళు ఒక గుక్క తాగి ఉమ్మేసేవారు.

"మా ఆవిడ చేతి చక్కెరనీళ్ళురా! పదహారేళ్ళుగా వీటితోనే నా కాపురం," అనేవాడు రోలండ్.

అందరూ పగలబడి నవ్వేవారు. శుక్రవారం చేపల వేపుడు తినడానికి క్లబ్బుకు వెళ్తే, మిత్రుల్లో నోటిదురుసు గస్, "ఏం వెర్నా, ఇంట్లో పంచదార ఇంకా మిగిలిందా?" అని అందరి ముందూ అడిగేవాడు. ఆమె నవ్వేసేది. ఇంటికొచ్చి స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చేది.

ఆ నవంబరులో జింకల వేటకు బయల్దేరే ముందు, శనివారం ఇంటికి రమ్మని మిత్రులను పిలిచాడు రోలండ్. పీపాలో బీరు ఇంకా బుడగలు కక్కుతూనే ఉంది.

"ఇది పులియడం ఆగలేదు. ఇప్పుడే సీసాల్లో పోస్తే లోపల గాలి ఎక్కువై పగుల్తాయి," అంది వెర్నా.

"నీ బీరు తయారయ్యేలోపు నన్ను పాతిపెడతారు. తప్పుకో."

తనే పోశాడు. త్వరగా నురగ పట్టాలని సీసా సీసాకూ చెంచాల కొద్దీ చక్కెర దట్టించాడు. సీసాల పెట్టెలను ఇల్లు వేడిచేసే బాయిలర్ పక్కకు జరిపాడు. నేలమాళిగ మెట్ల మీద నిలబడి చూస్తున్న వెర్నా మళ్ళీ నోరు తెరవబోయింది.

"పో, పోయి బంగాళాదుంపల చెక్కు తియ్యి!" అన్నాడు.

ఆమె వెళ్ళి చెక్కు తీసింది.

శనివారం అందరూ వచ్చారు. "ఏమే, సీసాలు పట్రా!" అని కేకేశాడు రోలండ్.

"నువ్వు పోసినవేగా, నువ్వే తెచ్చుకో."

గస్ ఈల వేశాడు. రోలండ్ మొహం కందగడ్డ చేసుకుని కిందికి దిగాడు. మొదటి సీసా చేతిలోనే పేలింది. గాజుపెంకు అతని కుడికన్ను తీసేసింది.

"కావాలనే పంపావు," అన్నాడు ఆసుపత్రిలో, కట్లతో పడుకుని.

"చెప్పాను. విన్నావా?"

కనిపించినవాళ్ళందరికీ పెళ్ళామే తన కన్ను తీసిందని చెప్పుకున్నాడు. ఆమె ఎవరితోనూ కాదని వాదించలేదు. ఆ శనివారం తన మనసులో ఏముందో ఆమెకు తెలుసు.

వసంతంలో మళ్ళీ బీరు కాచింది. ఈసారి తొందరపెట్టినవాళ్ళు లేరు. అదను వచ్చాక రోలండ్ మిత్రులను తనే పిలిచి పోసింది.

"ఇంత మంచి సరుకును ఇన్నేళ్ళూ పాడుచేసి మా చేత తాగించావట్రా వెధవా!" అన్నాడు గస్, మూతి తుడుచుకుంటూ.

రోలండ్ గ్లాసు కోసం చెయ్యి చాపాడు. ఒంటికంటికి దూరం తెలియక వేళ్ళు బల్ల అంచుకు కొట్టుకున్నాయి.

"ఇటు కాదురా ఒంటికన్నూ, అటు!" అంటూ గస్ ఆ గ్లాసును ఇంకాస్త అవతలికి జరిపాడు.

గది గొల్లుమంది. వెర్నా కూడా నవ్వింది. నవ్వుతూనే మొగుడి ముందు పాలగ్లాసు పెట్టింది.