పారబోసిన పచ్చిపులుసు

ఆ రోజుల్లో నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మేడ మీది గదిలో కిరాయికి ఉండేదాన్ని. ఒక్కదాన్నే. ఎల్బీ నగర్ అవతల సర్కారు బడిలో టీచర్ని. కింద ఇంటివాళ్ళు ఎప్పుడో గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు, గల్లీ మొదట్లో పచ్చళ్ళ దుకాణం నడిపేవాళ్ళు. గది చూడడానికి వెళ్ళినప్పుడు ఇంటావిడ "మీరేవిట్లమ్మా?" అని అడిగింది. ప్రశ్న అర్థం కానట్టు "నల్గొండ, ఆంటీ" అన్నాను. ఆవిడ మళ్ళీ అడగలేదు. ఆ ఇంట్లో నల్గొండే నా కులమైపోయింది.

తెలంగాణ ఉద్యమం ముదిరాక అంకుల్ దుకాణం బోర్డు మీద 'గుంటూరు' అన్న మాటకు తెల్ల రంగు పూసేశాడు. బంద్ రోజుల్లో ఆంటీ నన్ను కిందికి పిలిచేది.

"వరండాలో కూర్చోమ్మా. ఎవరైనా వస్తే నువ్వు మాట్లాడు. మేం నోరు తెరిస్తే తెలిసిపోతుంది."

నేను కూర్చుని పిల్లల నోటుబుక్కులు దిద్దుకునేదాన్ని. ఎప్పుడూ ఎవరూ రాలేదు. ఆవిడ కాఫీ తెచ్చిచ్చి, పక్కనే కూర్చుని "మీవాళ్ళు ఇవాళ ఏం చేస్తారంట?" అని అడిగేది. ఆ 'మీవాళ్ళు' నాకు బాగుండేది. రోజూ గదిలో ఒక్కదాన్నే వండుకు తినేదానికి, అంతమంది నావాళ్ళున్నారంటే ఎట్లా ఉంటుంది మరి.

సకల జనుల సమ్మెలో బడులు మూతపడ్డాయి. ఒకరోజు టీచర్లందరం ఎల్బీ నగర్‌లో రోడ్డు మీదే వంటావార్పు పెట్టుకున్నాం. మూడేసి రాళ్ళు పెట్టి పొయ్యిలు చేసి, కట్టెలు ఎగేసి, అక్కడే వండుకుని అక్కడే తినాలి. అదే మా నిరసన. నేను ఒక గంజు ముందేసుకుని పచ్చిపులుసుకు చింతపండు పిసుకుతున్నాను. మా బడిలో పెద్ద టీచర్ ఒకామె వచ్చి నా పక్కన నిలబడింది. ఆమెదీ మా జిల్లానే, నేను అక్కా అని పిలిచేదాన్ని. కొత్తగా చేరినప్పుడు లీవు అర్జీ రాయడం నేర్పింది ఆమే. నాకు జ్వరమొస్తే దవాఖానకు తీసుకుపోయింది ఆమే. నా ఉద్యోగం ఏ కోటాలో వచ్చిందో స్టాఫ్‌రూంలో అందరికీ తెలిసినట్టే ఆమెకూ తెలుసు.

"చెల్లె, నీ గొంతు మంచిగుంటది. నువ్వు పోయి బ్యానర్ కాడ నినాదాలియ్యి. గీ వంట మేం చూసుకుంటం" అన్నది.

"అయిపోయిందక్కా, ఉప్పేసుడే ఉంది."

"నేనేస్తలే, నువ్వు పో."

చెయ్యి కడుక్కుని బ్యానర్ దగ్గరికి పోయాను. "జై తెలంగాణ" అని రెండుసార్లు అన్నానో లేదో, ఎందుకో వెనక్కి తిరిగి చూశాను. అక్క ఆ గంజునెత్తి పులుసంతా రోడ్డు పక్క మోరీలో పారబోసింది. గంజు కడిగింది. కొత్తగా చింతపండు నానేసింది.

నేను నినాదాలు ఆపలేదు. ఆపితే అందరూ ఎందుకని అడుగుతారు. మధ్యాహ్నం బంతిలో కూర్చున్నప్పుడు ఆమే వడ్డించుకుంటూ వచ్చింది.

"పచ్చిపులుసు పొయ్యనా?"

"వద్దక్కా."

"ఎందుకే, మంచిగైంది."

ఆమె మొహంలో ఏ తేడా లేదు. తప్పు చేశానన్న గుర్తు కూడా లేదు. నేను పప్పుతో తిని లేచాను.

సాయంత్రం ఇల్లు చేరేసరికి ఆంటీ వరండాలో ఉంది. "ఏమ్మా, మీవాళ్ళ వంటలు ఎలా ఉన్నాయి?" అంది నవ్వుతూ.

"ఎవలాంటీ మావాళ్ళు?" అన్నాను. కోపంలో నా మాట నా ఊరి మాటైపోయింది. "నేను పిసికిన పులుసు మోరీల పారబోసిన్రు."

"అయ్యో, ఎందుకలాగ?"

"మేం మాదిగోళ్ళం ఆంటీ."

ఇన్ని రోజులు భయపడుతూ బతికిన మనిషి కదా, ఆమెకైనా అర్థమవుతుందనుకున్నాను. ఆవిడ గేటు వైపు చూసింది. "ఈ రోజుల్లో కూడా ఇంకా ఏంటోనమ్మా..." అని, "పాలు పెట్టొచ్చాను" అంటూ లోపలికి వెళ్ళింది.

ఆ తర్వాతి బంద్ రోజున నేను మామూలుగా కిందికి దిగితే, "ఇవాళ అంకుల్ ఇంట్లోనే ఉన్నారు, నువ్వు పైన పడుకోమ్మా" అంది. కొన్నాళ్ళకు అట్లతద్ది వచ్చింది. అంతకుముందు రెండేళ్ళు ముందురోజే నా చేతులకు గోరింటాకు పెట్టి, చంద్రుడొచ్చాక కూర్చోబెట్టి అట్లు పెట్టిన మనిషి. ఆ సాయంత్రం నేను చీర మార్చుకుని, తలుపు ఓరగా వేసి కూర్చున్నాను. కింద ఆడవాళ్ళ నవ్వులు, అట్ల వాసన మెట్లెక్కి వస్తున్నాయి. ఎవరూ పిలవలేదు. చీర విప్పి మడత పెట్టి, అన్నం వండుకున్నాను. మర్నాడు "హడావిడిలో మర్చిపోయానమ్మా" అంది. "పర్లేదాంటీ" అన్నాను.

గది ఖాళీ చేయమని ఆమె ఎప్పుడూ అనలేదు. ఎండాకాలం సెలవుల్లో నేనే ఖాళీ చేశాను. కర్మన్‌ఘాట్ వైపు గదులు వెతుకుతూ, ఈసారి కిరాయి ఎంతని అడగకముందే నా కులం చెప్పేదాన్ని. ఒక ఇంటాయన నా యాస విని "మనోళ్ళే" అని మురిసి, కులం విన్నాక "నిన్ననే ఒకరికి మాటిచ్చినం" అన్నాడు. ఇంకో ఇంట్లో తలుపే వేసుకున్నారు. మూడో ఇంట్లో ఒక ముసలాయన విని, లోపలికి పోయి తాళంచెవి తెచ్చిచ్చాడు. "నీళ్ళు పొద్దున్నే వస్తయి బిడ్డా. జల్ది పట్టుకో" అన్నాడు.

ఆ ఇంట్లో నాలుగేళ్ళున్నాను. ఎవరూ నా గదికి రాలేదు, నేనూ ఎవరింటికీ పోలేదు.